ఏం రాయమంటారు సిస్టర్?

పీజీ చదువుతానని వచ్చిన సీనియర్ నర్సును ఇంటర్వ్యూ బోర్డు మొట్టమొదట అడిగేది ఆమె లక్ష్యం గురించే. జవాబు అందరికీ కంఠతా వచ్చిందే: నాణ్యమైన సేవ, నాయకత్వ లక్షణాలు, పరిశోధనాసక్తి, సమాజ శ్రేయస్సు. బోర్డు తల పంకిస్తుంది. పదిహేనేళ్లు ఐసీయూలో నైట్ డ్యూటీలు చేసిన మనిషి చేత ఇంత పచ్చి అబద్ధాన్ని ఇంత వినయంగా చెప్పించగలిగినందుకు లోలోపల మురిసిపోతుంది కూడా.

అసలు లక్ష్యం వేరే ఉంది. రాత్రి రెండింటికి మూడో బెడ్ మానిటర్ మీద గీతలు తేడాగా కనిపిస్తాయి. సాయంత్రం రిపోర్టులో పొటాషియం తక్కువుందన్న సంగతి ఆమెకు గుర్తుంది. వెళ్లి హౌస్ సర్జన్‌ను నిద్ర లేపుతుంది. పాపం, ఆ అబ్బాయి డ్యూటీ ఎక్కి ఎన్ని గంటలయిందో! కళ్లు నులుముకుంటూ వచ్చి, కేస్ షీట్ తెరిచి, పెన్ను మూత తీసి, "ఏం రాయమంటారు సిస్టర్?" అంటాడు. ఆమె చెబుతుంది. అతను రాసి సంతకం పెడతాడు. ఆమె మందు ఎక్కిస్తుంది. పొద్దున రౌండ్స్‌లో పెద్ద డాక్టరుగారు షీట్ చూసి, "గుడ్, టైముకి మొదలుపెట్టావయ్యా" అని కుర్రాడి భుజం తడతారు. సిస్టర్ పక్కనే ట్రే పట్టుకుని నిలబడి ఉంటుంది.

తను డిక్టేషన్ చెప్పే ఆ ముక్కేదో తనే రాసి, కింద తన సంతకమే పెట్టాలని ఆమె కోరిక. అంతకు మించి ఏమీ లేదు. కానీ ఆ మాట బోర్డు ముందు అంటే, "డాక్టరైపోదామనా?" అని ఒక ముసిముసి నవ్వు ఎదురవుతుంది.

సరే, సమాజ శ్రేయస్సు అనే చెప్పి ఎమ్మెస్సీలో చేరింది, పాసైంది. మన దగ్గర నర్సు ఎంత ఎక్కువ చదివితే రోగి మంచానికి అంత దూరం. వెంటిలేటర్ అలారం మోత వినగానే ఎక్కడ తేడా కొట్టిందో చెప్పగలిగే మనిషిని నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌గా కూర్చోబెడతారు. ఇన్‌స్పెక్షన్ వాళ్లకు చూపించే జాబితాలో ఒక ఎమ్మెస్సీ పేరు అవసరం మరి! కాదు, వార్డులోనే ఉంటానంటే నిక్షేపంగా ఉండవచ్చు. ఏటేటా హౌస్ సర్జన్లు మారుతుంటారు, డిక్టేషన్ మారదు.

మంచం దగ్గరే ఉండి పైచదువు చదవాలనుకునే వాళ్ల కోసం ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ క్రిటికల్ కేర్‌లో నర్స్ ప్రాక్టీషనర్ కోర్సు తెచ్చింది. రెండేళ్ల రెసిడెన్సీ. కనీసం ఏడాది క్లినికల్ అనుభవం ఉంటేనే సీటు. థియరీ తక్కువ, వార్డు ఎక్కువ. ఫార్మకాలజీ కూడా గట్టిగానే చెబుతారు. ముహూర్తం చూసి పెళ్లి చేశారు గానీ కాపురానికి ఇల్లు చూడలేదు. ఆ కోర్సు పాసైన మనిషిని ఏ హోదాలో, ఏ స్కేలులో తీసుకోవాలంటే, ఆ పేరుతో పోస్టే లేని ఆస్పత్రులు ఎన్నో. కేంద్ర ఆస్పత్రుల్లో స్టాఫ్ నర్సుల్ని 2016లో నర్సింగ్ ఆఫీసర్లను చేశారు. 1947 నాటి కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో కమిషన్ చట్టం వచ్చింది. బోర్డులు రాసే పెయింటర్లకు చేతినిండా పని.

మందు రాయడమంటే ప్రాణాలతో చెలగాటం, ఎవరు పడితే వాళ్లు రాయకూడదంటారు. నిజమే. అందుకే కాబోలు, మన ఊళ్లలో ఆర్ఎంపీగారు స్టెరాయిడూ యాంటీబయాటికూ పొడిచేసి, కిటికీ ఊచకు సెలైన్ బాటిల్ వేలాడదీసి, డబ్బులు జేబులో వేసుకుంటారు. ఆయన్ను లక్ష్యం రాయమని ఏ బోర్డూ అడగలేదు. పైగా ఉమ్మడి రాష్ట్రంలో ప్రభుత్వమే వాళ్లకు శిక్షణ ఇప్పించే పని పెట్టుకుంది. ఓట్ల కాలంలో ఆ మాట ఇప్పటికీ వినిపిస్తుంది. నర్సులకు ఊరూరా ఓటు బ్యాంకు లేకపోవడం వాళ్ల చదువులోని లోపమే అనుకోవాలి.

ఇంకో వింత. బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు చేసి పల్లెలో క్లినిక్‌కు వెళితే బీపీ, షుగర్ మాత్రలు చేతికివ్వవచ్చు. అవసరమైతే ఫోన్లో డాక్టరు ఉన్నారు. ఆ అమ్మాయే రెండేళ్ల ఎమ్మెస్సీ చేసి నగరంలో పెద్దాస్పత్రికి వస్తే పారాసిటమాల్ బిళ్ల రాయడానికి లేదు. డాక్టరు దూరమయ్యేకొద్దీ నర్సు తెలివి పెరుగుతుంది, దగ్గరయ్యేకొద్దీ తరుగుతుంది. న్యూటన్‌కు కూడా తట్టని సూత్రమిది. 2019లో జాతీయ వైద్య కమిషన్ చట్టం 32వ సెక్షన్ పరిమిత లైసెన్సుతో కొద్దిపాటి మందులు రాసే ఆరోగ్య సేవకుల కోసం తలుపు ఓరగా తీస్తే, డాక్టర్ల సంఘం ఐఎంఏ దేశమంతా ఓపీలు బంద్ చేయించింది.

కరీంనగర్‌లో మాత్రం 2017లో వేరే పని జరిగింది. అనుభవమున్న ప్రభుత్వ నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టి, అయ్యాక వాళ్లను ప్రసూతి వార్డుల్లోనే పెట్టారు. అవసరం అలాంటిది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు కత్తితోనే. ప్రైవేటులో అయితే 80 శాతం పైమాటే. సహజ కాన్పుకు కావాల్సింది పక్కన ఓపిగ్గా కూర్చునే మనిషి. ఓపిక్కి ప్యాకేజీ లేదు కాబట్టి ఆ పనిని ధైర్యంగా నర్సుకు వదిలేయవచ్చు.

అమెరికాలో లోరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదటి నర్స్ ప్రాక్టీషనర్ శిక్షణ మొదలుపెట్టారు. పల్లెల్లో పిల్లలను చూసే డాక్టర్లు చాలకనే. ఇవాళ అక్కడ సగానికి పైగా రాష్ట్రాల్లో వాళ్లు సొంతంగా పరీక్షించి, సొంతంగా మందు రాస్తారు. మనకు పల్లెలూ ఉన్నాయి, పిల్లలూ ఉన్నారు, డాక్టర్ల కొరతా ఉంది. తొందరేమిటని ఊరుకున్నాం.

ఊరుకోనిది నర్సులే. ఎమ్మెస్సీకి కట్టాల్సిన డబ్బు విదేశీ కొలువులకు కావాల్సిన ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ కోచింగ్‌కు కడుతున్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ జర్మన్ నేర్పించి మరీ జర్మనీ పంపుతోంది. విమానం ఎక్కే సిస్టర్లు పూలబొకేలతో పత్రికల్లో కనబడతారు, వెనక అధికారులు చిరునవ్వుతో నిలబడి ఉంటారు. నర్స్ ప్రాక్టీషనర్ పోస్టు మంజూరైందని దిగిన ఫొటో మాత్రం నేనింతవరకూ చూడలేదు.