కుట్టు విప్పని టిక్కీ

ఓటింగ్ యంత్రం భద్రతను కెమెరా సాక్షిగా ఛేదించిన ఘనత మా పల్నాటిదే. 2024 మే 13న రెంటచింతల మండలం పాల్వాయి గేటు పోలింగ్ కేంద్రంలోకి అప్పటి మాచర్ల ఎమ్మెల్యే దర్జాగా నడిచి వచ్చి, అట్ట చాటున ఉన్న యంత్రాన్ని ఎత్తి నేలకేసి కొట్టి, వచ్చిన దారినే వెళ్లిపోవడం వెబ్‌కెమెరాకెక్కింది. పాస్‌వర్డు లేదు, బ్లూటూత్ లేదు, రాత్రంతా మేలుకొని కోడు రాసే శ్రమ అంతకన్నా లేదు. అయినా చిప్పులో ఓట్లు భద్రంగా ఉన్నాయని అధికారులు ప్రకటించి, కొత్త యంత్రం తెప్పించి పోలింగ్ సాగించారు. కింద పడేసే పరీక్షలో మన ఈవీఎం నెగ్గినట్టే. మిగతా పరీక్షలు పెట్టనిస్తేగా, నెగ్గిందో లేదో తెలియడానికి!

ఎన్నికల సంఘం వాదన వినడానికి ఇంపుగానే ఉంటుంది. యంత్రానికి ఇంటర్నెట్ లేదు, వైఫై లేదు. ప్రోగ్రామును చిప్పులో ఒక్కసారే రాస్తారు, ఆ తర్వాత బ్రహ్మ దిగివచ్చినా మార్చలేడు. తయారుచేసేవి రెండూ ప్రభుత్వ సంస్థలే: బెంగళూరు బీఈఎల్, మన హైదరాబాద్ ఈసీఐఎల్. సంతోషం. మరి ఆ రాసిందేమిటో ఒకసారి చూపిస్తారా అని అడగండి. అమ్మో, అది రహస్యం. ఎందుకు రహస్యం? భద్రత కోసం. భద్రమని ఏమిటి నమ్మకం? రహస్యంగా ఉంచాం కదా!

ఈ తర్కాన్ని గుంటూరు మిర్చి యార్డుకు పట్టుకెళ్లి చూడండి. అక్కడ కొనేవాడు టిక్కీ (మిరప బస్తా) మూతి విప్పించి, చేయి లోపలికంటా పోనిచ్చి, అడుగునున్న కాయ తీస్తాడు. పైనంతా తేజ రకం పోసి అడుగున తాలు కుక్కారేమోనని ఆయన అనుమానం. కాయ విరిచి చెవి దగ్గర పెట్టుకుంటాడు, తేమ ఎంతుందో ఆ చప్పుడే చెబుతుంది. గింజ చూస్తాడు, తొడిమ చూస్తాడు, ఘాటుకు తుమ్ముతాడు, అప్పుడు గానీ ధర మాట ఎత్తడు. "అయ్యా, కుట్టు విప్పితే సరుకు భద్రతకు ముప్పు, లోపలున్నది మేలు రకమేనని నేనే సర్టిఫికెట్ రాసిస్తాను" అని రైతు అన్నాడనుకోండి. కమీషను వ్యాపారి కసురుకోడు కూడా. "బాబాయ్, ఈ టిక్కీలు మళ్లీ ట్రాక్టర్ ఎక్కించుకో" అంటాడంతే.

1883లోనే కెర్కాఫ్స్ అనే పండితుడు సైనిక సంకేతాల గురించి రాస్తూ, తాళం తయారీ విధానం శత్రువు చేతికి చిక్కినా ఇబ్బంది రాకూడదు, దాచాల్సింది తాళంచెవినే అన్నాడు. ఇవాళ మనం ఫోనులో డబ్బు పంపుకొనేది ఆ మాట మీదే. బ్యాంకులు వాడే గూఢలిపి పద్ధతులను ఎవరైనా చదువుకోవచ్చు, తప్పులు వెతకొచ్చు. చిన్న చిన్న యంత్రాల గుండెల్లో ఉండే ఫ్రీఆర్‌టాస్, జెఫిర్ లాంటి రియల్ టైమ్ వ్యవస్థల కోడు సైతం బహిరంగమే. ఆస్ట్రేలియా రాజధాని ప్రాంతం 2001లోనే ఓటింగ్ కంప్యూటర్ల కోడును జనం ముందు పెట్టి ఎన్నిక జరిపింది. మనకు మాత్రం కాన్‌బెర్రా ఓటర్లకున్నపాటి తెలివి లేదు కాబోలు.

కుట్టు విప్పబోయినవాడికి ఇక్కడ జరిగిన మర్యాద వేరు. 2009లో యంత్రంలో లోపం నిరూపించమని ఎన్నికల సంఘం పిలిస్తే హైదరాబాద్ ఇంజినీరు హరిప్రసాద్ బృందం వెళ్లింది. తీరా యంత్రం విప్పాక, ఈసీఐఎల్ మేధోసంపత్తికి భంగమంటూ మధ్యలో ఆపేశారు. మరుసటి ఏడాది ఆయన, మిషిగన్ ఆచార్యుడు హాల్డర్‌మన్, నెదర్లాండ్స్ నుంచి వచ్చిన గోంగ్రైప్ కలిసి, ఎవరో ఇచ్చిన అసలు యంత్రాన్నే విప్పారు. అంకెలు చూపించే బోర్డు మార్చి, ఫోనుతో ఫలితాన్ని తారుమారు చేయొచ్చని చూపించారు. ఆగస్టు 21న ముంబై పోలీసులు వచ్చి, యంత్రం దొంగతనం కేసులో హరిప్రసాద్‌ను పట్టుకెళ్లారు. తాళం బలహీనంగా ఉందని చెప్పినవాడే దొంగ!

లోపలి చిప్పు మారిస్తే బయట అంకె ఎంత నిజాయితీగా వెలుగుతుందో రెండు తెలుగు రాష్ట్రాల వాహనదారులకూ అనుభవమే. 2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు బయటపెట్టిన పెట్రోలు బంకుల బాగోతంలో లీటరుకు పడింది 970 మిల్లీలీటర్లు, తెర మీద మాత్రం నిండు లీటరే.

ఏ ఎన్నికనైనా ఈవీఎం దొంగిలించిందని నేననడం లేదు, అలా రుజువైనదీ లేదు. ఏజెంట్ల ముందు మాక్ పోలు, సీళ్లు, ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీ, అన్నీ మంచివే. నా తగువు "మమ్మల్ని నమ్మండి" అనే ఒక్క మాటతోనే.

మన నాయకులకు ఆ తగువు కూడా లేదు, ఫలితం వచ్చాకే వాళ్లకు యంత్రం గుణం తెలుస్తుంది. ఈవీఎంలను నమ్మగలమా అంటూ 2010లో పుస్తకం రాసింది బీజేపీ జీవీఎల్ నరసింహారావు. ముందుమాట అద్వానీది, లోపల చంద్రబాబు సందేశం. 2019 ఏప్రిల్‌లో చంద్రబాబు అదే హరిప్రసాద్‌ను నిపుణుడిగా వెంటబెట్టుకెళ్తే, కేసున్న మనిషితో మాటలేమిటంది సంఘం. ఆ ఏడాది 151 సీట్లొచ్చిన వైసీపీకి యంత్రంలో ఏ లోపమూ కనిపించలేదు. 2024లో 11కు దిగేసరికి, అభివృద్ధి చెందిన దేశాల పేపరు బ్యాలెట్లు జగన్‌కు గుర్తొచ్చాయి. 135 సీట్ల తెలుగుదేశానికి అదే యంత్రంలో స్వచ్ఛమైన ప్రజాతీర్పు దర్శనమిచ్చింది. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడంటారు. ఈవీఎం దావాలో గెలిచినవాడు ఎక్కడా ఏడవడు.

ఒంగోలు ముచ్చట మరీ రసవత్తరం. ఓడిన అభ్యర్థి కోరితే నియోజకవర్గంలో 5 శాతం యంత్రాల చిప్పు మెమరీని తనిఖీ చేయాలని 2024 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టు చెప్పింది. ఒంగోలులో ఓడిన బాలినేని శ్రీనివాసరెడ్డి 12 కేంద్రాల యంత్రాలు చూడమన్నారు. అప్పుడు యంత్రానికి 40,000, దాని మీద 18 శాతం జీఎస్టీ, వెరసి 5,66,400 రూపాయలు. ఈ దేశంలో అనుమానపడటం కూడా పన్ను పరిధిలోకి వచ్చే సేవే! డబ్బు కట్టాక, మాక్ పోలు పెట్టి చూపిస్తామన్నారు. జరిగిన పోలింగు మీద సందేహమంటే, కొత్తగా ఓట్లు వేసి లెక్కపెడతారట. నేనడిగింది ఇది కాదంటూ ఆయన హైకోర్టుకెళ్లారు. ఆ సెప్టెంబరులోనే వైసీపీ వదిలి, గెలిచిన కూటమిలోని జనసేనలో చేరారు.

2025 మేలో సుప్రీంకోర్టు మరో మెట్టు ఎక్కించింది. మెమరీని ఎవరూ తాకలేదని ఇకపై ఇంజినీర్లు ధ్రువపత్రం ఇస్తారు. ఏ ఇంజినీర్లు? బీఈఎల్, ఈసీఐఎల్ వారే. నక్కకు తోక సాక్ష్యం.

కోడు బయటపెట్టమని అడగాల్సిన సమయం ఒక్కటే, ఎవరు ఓడతారో ఇంకా తేలని సమయం. లెక్కింపు అయ్యాక అడిగితే అది ఏడుపు కిందే జమ. 2029 ఎన్నికలకు ఇంకా గడువుంది, అన్ని పార్టీలూ కలిసి ఒక్క కాగితం మీద సంతకం పెట్టొచ్చు. అయితే గెలుస్తామని నమ్మకమున్నవాడు ఇప్పుడు పెట్టడు, ఓడతాడేమోనని భయమున్నవాడు ఆ సంగతి ఇప్పుడే ఒప్పుకోడు.