బ్రాకెట్లో పీహెచ్‌డీ

యానాంలోని కనకాలపేటకు ఒక కుర్రాడు కెమిస్ట్రీ పరిశోధన అయిదో ఏట వదిలేసి వచ్చాడనుకుందాం. "డాక్టరెప్పుడవుతావు బాబూ, మోకాళ్లు చూపించుకోవాలి" అని పక్కింటి మామ్మగారు ఎదురుచూస్తున్నారు. మధ్యలో మానేశానండీ అంటే ఆవిడే ఓదార్చింది: "పోన్లే నాయనా, కాంపౌండరు పనైనా దొరక్కపోదు."

ఆవిడ కంపెనీల కంటే నయం. 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలో, అంటే జేఆర్‌ఎఫ్‌కు నెలకు 37,000, సీనియర్‌కు 42,000 ఇస్తున్నారు. కానీ దాన్ని జీతమనరు, ఫెలోషిప్ అంటారు. జీతం కాదు కనుక అది అనుభవమూ కాదు. రాత్రి రెండింటికి మొరాయించిన ల్యాబు యంత్రం హెచ్‌పీఎల్‌సీని దారికి తెచ్చినా, జూనియర్లకు పని నేర్పినా, గైడుగారి ప్రాజెక్టు రిపోర్టులన్నీ రాసినా, బయోడేటా చూసే హెచ్‌ఆర్‌కు అదంతా ఒకే ముక్క: "అయిదేళ్లు గ్యాప్ ఉందే!"

పోనీ పాఠాలు చెబుదామా? అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నెట్ పరీక్ష పాసైతే చాలు, పీహెచ్‌డీ తప్పనిసరి కాదని యూజీసీ 2023 జులైలో దయతలచింది. మనవాడికి నెట్ ఉంది, జేఆర్‌ఎఫ్ కూడా. అయితే విశ్వవిద్యాలయాల్లో ఇంటర్వ్యూకి పిలిచే 2018 నాటి మార్కుల పట్టికలో పీహెచ్‌డీకి 30, జేఆర్‌ఎఫ్‌తో నెట్‌కు 7. ముప్పాతిక పీహెచ్‌డీకి ఇరవై రెండున్నర వేస్తారేమోనని లెక్క కట్టాడు పాపం.

సున్నా.

ఊళ్లోనే చూసుకుందామంటే, వందల మందికి కూడుపెట్టిన రీజెన్సీ సిరామిక్స్ ఫ్యాక్టరీ 2012 జనవరి అల్లర్ల తర్వాత ఏళ్ల తరబడి మూతపడింది. చుట్టూ ఆంధ్రే, పాలన మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్ల అవతలి పుదుచ్చేరిది. కాకినాడకు బస్సు దొరికినా, ఉద్యోగానికి స్థానికత అడిగే కాగితం దగ్గర మాత్రం ప్రయాణం ఆగిపోతుంది.

"గూగుల్ వాళ్లిద్దరూ పీహెచ్‌డీ వదిలి గ్యారేజీలో మొదలెట్టారటగా" అంటాడు బాబాయి. నిజమే, 1998లో. కనకాలపేటలో గ్యారేజీ అంటే పంక్చర్లు వేసే షెడ్డు, అదీ ఖాళీగా లేదు.

పూర్తిచేసినవాళ్లు మాత్రం ఏం సుఖపడ్డారని? రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు 1930లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ పుచ్చుకున్నా అక్కడ పర్మనెంటు ఉద్యోగానికి నోచుకోలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లిపోయాడు. కేన్సర్‌కు మెథోట్రెక్సేట్ వచ్చింది ఆ ప్రయోగశాల నుంచే. ఈ సంగతి చెబితే బాబాయి ఒక్క క్షణం ఆలోచించి, "అయితే నువ్వూ మందుల షాపు పెట్టు" అన్నాడు.

చివరికి కుర్రాడు పదో తరగతి సైన్స్ ట్యూషన్‌కు బోర్డు రాయిస్తున్నాడు. పేరు, పక్కన ఎమ్మెస్సీ, ఆ పక్కన బ్రాకెట్లో పీహెచ్‌డీ. పెయింటరు వేళ్లు మడిచి లెక్క చూశాడు.

"బ్రాకెట్లు రెండూ కూడా అక్షరాల కిందే లెక్కండీ, ఆయ్. డబ్బులు పడతాయి."

అయిదేళ్ల చదువుకు లెక్క కట్టినవాడు ఇన్నాళ్లకు ఒకడు దొరికాడు. మనవాడు బేరమాడలేదు.