పురిటింటి ధన్వంతరి

బిడ్డ పుట్టిన యింటికి పదునొకండవనాడు పురిటిస్నానమును, ఇరువదియొకటవనాడు బారసాలయు రావలసిన క్రమమున వచ్చును. ఆ రెంటికిని పంచాంగము చూడవలయును, పురోహితునికి కబురంపవలయును. పంచాంగముతోను కబురుతోను పని లేక, తల్లీబిడ్డలు ఆసుపత్రినుండి వచ్చి గడపలో అడుగిడిన గడియలోనే తానును ప్రవేశించి, పడకకుర్చీలో సుఖాసీనుడై, "ఏదీ, వాణ్ణిలా పట్రండి, చూద్దాం" అని ఆజ్ఞాపించు మహానుభావుడొక్కడు ప్రతి వీధిలోను ఉండును. అతనికి పురిటింటి ధన్వంతరి యని పేరు పెట్టుట మిక్కిలి సముచితము.

ఇతడు వైద్యుడు కాడు. రిజిస్ట్రారు కచేరీలో ముప్పదియేండ్లు దస్తావేజులకు నకళ్ళు వ్రాసి విశ్రాంతి పొందినవాడు. ఆయుర్వేదమున శిశుపోషణకు కౌమారభృత్యమను ప్రత్యేకాంగమున్నదనియు, కాశ్యపసంహిత దానికి ప్రమాణగ్రంథమనియు ఎన్నడో వినియున్నాడు గనుక, తన నోటికి తోచిన ప్రతి మాట తుదను "కాశ్యపుడే చెప్పాడు" అని రిజిస్ట్రీ చేయుట ఆయన కలవాటు. "మా నలుగురినీ పెంచలేదుటయ్యా!" అనునది ఆయన వాదమున ప్రథమప్రమాణము, చరమప్రమాణము కూడ. ఆ నలుగురిని నిజముగ పెంచిన ఇల్లాలిని విచారించినచో, "ఆయన పెంచడమేమిటి తల్లీ, అర్ధరాత్రి పిల్ల కేరుమంటే చాప చంకన పెట్టుకుని అరుగుమీదికి పోయేవారు" అని ఒక్క వాక్యమున ఆ ప్రమాణమును కొట్టివేయును.

బజారునుండి తిన్నగా వచ్చిన ఆ చేతులను కడుగుకొనుమని చెప్పు ధైర్యము ఆ యింట నెవ్వరికిని లేదు. కూరల సంచి మోసిన కుడిచేతి చూపుడువ్రేలిని ఆయన బిడ్డ అరచేత నుంచును. బిడ్డ గట్టిగా పట్టుకొనును. "చూశారా పట్టు! మనిషిని గుర్తుపట్టేశాడు" అని ధన్వంతరి ఉబ్బితబ్బిబ్బగును. అప్పుడే పుట్టిన ఏ శిశువైనను తన అరచేతికి తగిలినది వ్రేలైనను, తువ్వాలు కొసయైనను అట్లే పట్టుకొనుననియు, అది పుట్టుకతో వచ్చిన ప్రతిక్రియయే గాని పరిచయము కాదనియు చెప్పినచో ఆయన మనసు నొచ్చును గనుక ఎవ్వరును చెప్పరు.

పిమ్మట చికిత్స ఆరంభమగును. ముర్రుపాలు పచ్చగను జిగటగను ఉండును గనుక చెడుపాలనియు, మూడు దినములు పిండి పారబోయవలెననియు ఆయన మొదటి విధి. ఆ మూడు దినములును తేనె నాకింపవలెననుట రెండవది. ఆ తేనెలో వస రంగరించినచో బిడ్డ మహావక్త యగుననుట మూడవది. తల్లి తన దేహమందలి రోగనిరోధకశక్తిని బిడ్డకు పంచియిచ్చునది ఆ ముర్రుపాలతోడనే యనియు, పుట్టిన గంటలోపల రొమ్ము పట్టించి, 6 నెలలు నిండువరకు చనుబాలు దప్ప మంచినీరైనను పోయరాదనియు వైద్యులు మొత్తుకొనుచునే యుందురు. ఇక తేనె సంగతి. అందుండదగిన ఒకానొక సూక్ష్మజీవి బీజములు ఏడాది నిండని బిడ్డ ప్రేగులలో మొలకెత్తి, కండరములను చచ్చుపరచు విషమును పుట్టింపగలవు. అట్టి బిడ్డకు మహావక్తృత్వము మాట దేవుడెరుగు, గట్టిగా ఏడ్చు శక్తియే సన్నగిల్లును.

బిడ్డ ఏడ్చినచో ఆయన యొద్ద సిద్ధౌషధ మొక్కటున్నది: గ్రైపు వాటరు. 1851లో ఇంగ్లండున పుట్టిన ఈ నీటిలో పూర్వము మద్యసారము కలిసియుండెడిది; నాటి బిడ్డలు పుచ్చుకొన్న వెంటనే శాంతించుటకు కారణము ఊహింపవచ్చును. మూడవనాడు బిడ్డ మేను పసుపు వన్నెకు తిరిగినచో, "బాలింత ముద్దపప్పు తిన్నది, అదీ సంగతి" అని నేరము తల్లిపై మోపును. రెండు మూడు దినములకు పొడసూపి రెండు వారములలో పోవు పసుపుతనము పెక్కుమంది శిశువులకు సహజమే. మొదటి 24 గంటలలోనే కనబడినను, అరచేతులకు అరికాళ్ళకు ప్రాకినను ఆసుపత్రికి పరుగెత్తవలసినదే. ముద్దపప్పునకు దీనిలో ఏ పాపమును లేదు.

ఏడవనాడు ఆశా కార్యకర్త వచ్చినది. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42వ దినములలో ఇంటికి వచ్చి చూచిపోవుట ఆమె విధి. ఆమె సంచిలో తూకపు త్రాసును, థర్మామీటరును ఉండెను; ధన్వంతరి సంచిలో వంకాయలుండెను. ఆమె ముందుగా సబ్బుతో చేతులు కడుగుకొని బిడ్డను తూచెను. పుట్టినపుడు 3 కిలోలున్న బిడ్డ 150 గ్రాములు తగ్గెనని వినినంతనే ఆయన కుర్చీలోనుండి లేచి, "చిక్కిపోయాడు! తల్లికి పాలు చాలడం లేదు. డబ్బాపాలు పట్టండి, కాశ్యపుడే చెప్పాడు" అని కేకవేసి, తన మాటకు సాక్ష్యముగా బిడ్డను ఒడిలోనికి తీసికొనెను.

"మొదటివారం కాస్త తగ్గడం మామూలేనండీ బాబాయిగారూ. రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు వచ్చేస్తాడు" అని ఆమె చెప్పుచుండగనే, అంతవరకు ఉభయవాదములను మౌనముగ ఆలకించిన శిశువు, అప్పుడే ఇస్త్రీ విప్పిన ఆ తెల్లని పంచెమీద, కుడిమోకాలు మొదలుకొని జరీయంచు వరకు, తన అభిప్రాయమును ధారాళముగ వెలిబుచ్చెను.

"ప్రొద్దుటినుంచీ ఎన్నోసారమ్మా?" అని ఆశా కార్యకర్త తల్లి నడిగినది. "ఆరోసారి." "ఇంకేం! రోజుకు ఆరుసార్లు తడిపితే పాలు చాలుతున్నట్టేగా!"

ధన్వంతరి ఆ తీర్పుపై అప్పీలు చేసుకొనక, వంకాయల సంచిని ముందు అడ్డము పెట్టుకొని ఇల్లు చేరెను.

ఆయన దుష్టుడు కాడు, పనిలేనివాడు. నవజాతశిశువునకు కావలసినది తల్లిపాలు, తల్లి ఒంటి వెచ్చదనము, పరిశుభ్రమైన చేతులు, వేళకు టీకాలు. బిడ్డ పాలు త్రాగకున్నను, మేను కాలుచున్నను చల్లబడినను, ఊపిరి వేగమైనను, ఏ ధన్వంతరి అనుమతికిని నిరీక్షింపక ఆసుపత్రికి కొనిపోవలయును. పాఠకమహాశయులారా, మీ వీధి ధన్వంతరి మీ యింటికి వేంచేసినపుడు ముందుగా చెంబెడు నీళ్ళును సబ్బును అందింపుడు. పిదప బిడ్డగుడ్డలు తీగెపై ఆరవేయు పని ఆయనకు అప్పగింపుడు. మరునాడు రాకపోయెనా, శిశువునకు ఆరోగ్యము. వచ్చెనా, బాలింతకు ఒక మనిషి సాయము.