తుంగనాథ్ రాతిబాట ఆత్మకథ

ఉత్తరాఖండ్‌లోని రుద్రప్రయాగ్ జిల్లాలో, ఊఖీమఠ్ నుంచి గోపేశ్వర్ వెళ్లే రోడ్డు మీద చోప్తా అనే చిన్న మజిలీ ఉంది. ఈ బాట అక్కడ మొదలై తుంగనాథ్ గుడి ముంగిట ముగుస్తుంది. పొడవు నాలుగు కిలోమీటర్లకు మించదు. వాడుకలో ఉన్న లెక్కల ప్రకారం ఆ కొద్ది దూరంలోనే సుమారు 2,680 మీటర్ల నుంచి 3,680 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. తెలుగు నేల మీద అన్నిటికన్నా ఎత్తయిన తూర్పు కనుమల కొమ్ములు 1,700 మీటర్ల లోపే ఉన్నాయి. అంటే ఈ బాట మొదటి రాయే వాటికన్నా దాదాపు వెయ్యి మీటర్లు పైన ఉంది. అయినా బడి ఈడు పిల్లలు, అరవై దాటిన అమ్మమ్మలు, తాతయ్యలు దీని మీద నడిచి గుడి చేరుతున్నారు. అంత ఎత్తు ఇంటిల్లిపాదికీ ఎలా అందుతోంది, ఏ తొందర వల్ల అందకుండా పోతుంది అన్నదే ఈ బాట తన గురించి చెప్పుకోగల కథ.

ఈ బాటను మొదట వేసినవి పాదాలే. వేసవిలో గొర్రెల మందలు గడ్డి మైదానాలకు ఎక్కేవి. వాటితోపాటు యాత్రికులూ ఎక్కేవారు. కేదార్‌నాథ్, మధ్యమహేశ్వర్, తుంగనాథ్, రుద్రనాథ్, కల్పేశ్వర్ అనే అయిదు శివక్షేత్రాలను పంచ కేదారాలంటారు. కురుక్షేత్ర యుద్ధం తర్వాత పాండవులు శివుణ్ణి వెతుక్కుంటూ రాగా ఆయన వృషభరూపంలో భూమిలోకి అంతర్ధానమయ్యాడనీ, బాహువులు తుంగనాథ్‌లో వెలిశాయనీ స్థలపురాణం. మోటారు రోడ్లు రాకముందు కేదార్‌నాథ్ నుంచి బదరీనాథ్‌కు కాలినడకన పోయేవారు చోప్తా మీదుగానే సాగేవారు. దారి పొడవునా చట్టీలనే విడిదులుండేవి. ఒంట్లో సత్తువ ఉన్నవారు ఇక్కడ పక్కకు తిరిగి తుంగనాథ్ ఎక్కి దిగేవారు. తర్వాతి కాలంలో ఆ కాలిదారికే రాళ్లు పరిచారు.

ఆ రాళ్లే ఈ బాట ఒళ్లు. వంకరలు తిరుగుతూ కొండను ఎక్కడం దీని నడక తీరు. నిట్టనిలువుగా పోతే పది నిమిషాల్లో ఊపిరి ఆడనివ్వని వాలును, వంపుల మీద వంపులు తిరగడం వల్ల ఒక పిల్లవాడి మోకాళ్లు ఓర్చుకోగలిగే వాలుగా ఇది మారుస్తుంది. కొన్నిచోట్ల లోయ వైపు పిట్టగోడ ఉంది. వంపు తిరిగినచోట కూర్చోవడానికి వీలుంటుంది. రాళ్ల నడిభాగం ఎన్నో అడుగులకు, గుర్రాల డెక్కలకు అరిగి నున్నబడింది. వాన పడినా, తెల్లవారుజామున మంచు పేరుకున్నా అక్కడే కాలు జారుతుంది. అంచుల వైపు రాయి ఇంకా గరుకుగా ఉంటుంది కాబట్టి తడిసిన రోజుల్లో అటు అడుగు వేయడం మేలు. నున్నటి అట్ట ఉన్న చెప్పులు పనికిరావు. పట్టు ఉన్న బూట్లు పిల్లలకు తప్పనిసరి.

మొదటి భాగం అడవి. ఖర్సు అనే సింధూర జాతి చెట్లు, దేవదారును పోలిన ఫర్ చెట్లు, బురాంశ్ అనే పూలచెట్లు ఇక్కడ కనిపిస్తాయి. మార్చి నెలాఖరు నుంచి ఏప్రిల్ దాకా బురాంశ్ కొమ్మలు ఎర్రటి పూలతో నిండిపోతాయి. పైకి పోయేకొద్దీ పూల రంగు గులాబీకి, తెలుపుకు తిరుగుతుంది. ఎత్తు పెరుగుతున్నకొద్దీ చెట్లు పొట్టివవుతాయి. సుమారు 3,300 మీటర్ల దగ్గర మంచు బరువుకు వంగిపోయిన బురాంశ్ పొదలు తప్ప మరేమీ మిగలవు. ఆ తర్వాత చెట్టన్నది ఉండదు. ఒక్క పూటలో, ఒకే నడకలో, అడవి ఎక్కడ ఆగిపోతుందో పిల్లలకు కళ్లారా చూపించగలగడం ఈ బాటకు గర్వకారణం.

చెట్ల హద్దు దాటాక బుగ్యాల్ వస్తుంది. ఎత్తయిన చోట పరుచుకున్న పచ్చిక మైదానాలను గఢ్వాలీలు ఈ పేరుతో పిలుస్తారు. వానాకాలంలో ఇక్కడ చిన్న చిన్న పూలు గుంపులుగా పూస్తాయి. తెలుగు ఊళ్లలోని మూలికల దుకాణాల్లో దొరికే అతివిష, కటుకరోహిణి, జటామాంసి ఇలాంటి ఎత్తైన హిమాలయ వాలుల మీద పెరిగేవే. వాటి పెంపకంపై పరిశోధన చేసే గఢ్వాల్ విశ్వవిద్యాలయ కేంద్రానికి తుంగనాథ్ దగ్గర ఒక క్షేత్రం ఉంది. రాళ్ల సందుల్లో తోకలేని కుందేలు జాతి జీవి పికా తటాలున కనబడి మాయమవుతుంది. ఉత్తరాఖండ్ రాష్ట్రపక్షి మొనాల్ పొద్దుటి పూట పచ్చికలో దుంపలు తవ్వుకుంటూ కనిపిస్తుంది. గోల చేయకుండా నడిచే పిల్లలకే అవి దర్శనమిస్తాయి.

గుడి దగ్గర రాతి పరుపు ముగుస్తుంది. అక్కడి నుంచి చంద్రశిల శిఖరానికి మట్టి, బండరాళ్ల దారి వేరే ఉంది. దూరం కిలోమీటరున్నర లోపే అయినా మరో మూడు వందల మీటర్లు ఎక్కించి సుమారు నాలుగు వేల మీటర్లకు చేరుస్తుందని చెబుతారు. నిర్మలమైన ఉదయాన అక్కడి నుంచి నందాదేవి, త్రిశూల్, కేదార్ శిఖరం, చౌఖంబా కనిపిస్తాయి. ఆ గట్టుకు ఒక పక్క పడిన వాన మందాకినిలోకి, మరో పక్క పడినది అలకనందలోకి పోతుంది. రెండూ మళ్లీ రుద్రప్రయాగ్‌లో కలుస్తాయి. పైభాగంలో గాలి ఎక్కువ, పట్టుకోవడానికి గోడ లేదు. కాబట్టి చిన్నపిల్లలున్న కుటుంబం గుడి దగ్గరే ఆగితే నడక సంపూర్ణమైనట్టే లెక్క.

ఈ బాట మీద కుటుంబాలను ఆపేది దూరం కంటే పలచబడిన గాలే. గాలిలో ఆక్సిజన్ పాలు సముద్రమట్టం దగ్గరా ఇక్కడా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. గుడి దగ్గర అది సముద్రమట్టపు ఒత్తిడిలో మూడింట రెండు వంతులకు కాస్త తక్కువ. కనుక ప్రతి శ్వాసకూ ఒంటికి అందే ఆక్సిజన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. దానికి అలవాటు పడటానికి ఒంటికి వ్యవధి కావాలి. సుమారు 540 మీటర్ల ఎత్తులోని హైదరాబాద్ నుంచి ఉదయం విమానం ఎక్కి, మర్నాటికల్లా గుడి మెట్ల మీద ఉండాలనుకోవడం ఆ వ్యవధిని కాజేయడమే. దారిలో ఊఖీమఠ్‌లో ఒక రాత్రి, చోప్తాలో మరో రాత్రి గడిపి మూడో ఉదయం ఎక్కడం మంచి పద్ధతి. పగలు పైకి ఎక్కినా రాత్రి నిద్రకు కిందికి దిగిరావడం ఈ నడకలో ఉన్న పెద్ద భద్రత.

పెద్దవారికి ఎత్తు పడకపోతే తలనొప్పి, వికారం, నీరసం వస్తాయి. వారు నోటితో చెప్పుకోగలరు. మాటలు రాని పిల్లల్లో మాత్రం గుర్తులు వేరు. కారణం లేకుండా చిరాకు పడటం, ఇష్టమైన తిండి కూడా తోసేయడం, ఆట మీద ధ్యాస లేకపోవడం, నిద్ర పట్టకపోవడం కనిపిస్తే, వేరే కారణం తేలేదాకా దాన్ని ఎత్తు వల్ల వచ్చిన అనారోగ్యంగానే ఎంచాలి. అప్పుడు పైకి ఒక్క అడుగు కూడా వేయకూడదు. విశ్రాంతితో తగ్గకపోతే వెంటనే దిగాలి. నడక తడబడినా, మాట తికమకపడినా, కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా క్షణం ఆలస్యం చేయకుండా కిందికి దించి వైద్యుడికి చూపించాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు, నెలల పసికందులు ఉన్నవారు బయలుదేరే ముందే వైద్యుడి సలహా తీసుకోవాలి.

ఇక వేగం సంగతి. జట్టులో అందరికన్నా చిన్న కాళ్లు ఎవరివో వారే ముందు నడవాలి. వారి అడుగే అందరి అడుగు కావాలి. ముందు నడిచే పిల్లవాడికి తాను వెనకబడ్డానన్న దిగులుండదు. వెనక వచ్చే పెద్దలకు అతడు కంటి ముందే ఉంటాడు. మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే సరైన వేగం. పెద్దలు రెండు గంటల్లో ఎక్కే దారి పిల్లలతో మూడున్నర గంటలు పట్టవచ్చు. ఆకలి వేసేదాకా ఆగకుండా గుక్కెడు నీళ్లు, ఒక పల్లీ పట్టీ ముక్క, రెండు ఖర్జూరాలు తరచూ ఇస్తుండాలి. దారిలో టీ కొట్లు ఉంటాయి కానీ వాటి మీదే ఆధారపడకూడదు. నడవలేనివారికి చోప్తాలో గుర్రాలు దొరుకుతాయి. గుర్రం ఎదురైనప్పుడు లోయ వైపు కాకుండా కొండ వైపు ఒదిగి నిలబడాలి.

ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. నడిచేవారికి చెమట పడుతున్నప్పుడు, వీపు మీద బుట్టలో కదలకుండా కూర్చున్న పసివాడు చలికి గడ్డకట్టుకుపోతుంటాడు. మోసేవారు తమ ఒంటి వేడిని బట్టి బిడ్డ సంగతి అంచనా వేయకుండా, చేతులు, పాదాలు తాకి చూస్తుండాలి. ఒకే మందపాటి కోటు కన్నా పొరలు పొరలుగా వేసుకుని విప్పుకునే బట్టలు నయం. చలిగా ఉన్నా ఎండ తీక్షణమే కనుక టోపీ, కళ్లద్దాలు కావాలి. మధ్యాహ్నానికి మబ్బులు కమ్మడం ఇక్కడ మామూలు. పొద్దున్నే బయలుదేరి, ఉరుములు మొదలయ్యే లోపు గట్టు దిగిపోవాలి.

గుడి తలుపులు ఏప్రిల్ చివర లేదా మే మొదట తెరుచుకుంటాయి. దీపావళి ముందూ వెనకల మూసుకుంటాయి. చలికాలంలో స్వామి ఉత్సవమూర్తి మక్కూమఠ్ చేరుతుంది. పిల్లలతో రావడానికి మే, జూన్ మొదటి వారాలు, మళ్లీ సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు దాకా అనువైన కాలం. జూలై, ఆగస్టుల్లో పూలు అందంగా ఉన్నా, కింది రోడ్ల మీద కొండచరియలు విరిగిపడే ప్రమాదం ఉంటుంది. డిసెంబరు నుంచి మార్చి దాకా రాళ్లు మంచు కింద పడుకుంటాయి. బాట ఏదో, వాలు ఏదో తెలియని ఆ రోజుల్లో ఇది పసిపిల్లల నడక కాదు.

ఈ బాటకు నొప్పి తగిలేది వంపుల దగ్గర. తొందరపడ్డవారు వంపు తిరగకుండా అడ్డంగా పచ్చిక మీదుగా పైవరసకు ఎక్కుతారు. ముందు గడ్డి నలిగి పసుపుబడుతుంది. తర్వాత వేళ్లు తేలతాయి. ఒక వానకు అక్కడ వేలెడు కాలువ పడుతుంది. మరుసటి వానలకు అది మోకాలి లోతు గండి అవుతుంది. ఏడాదిలో కొన్ని నెలలే పెరిగే పచ్చిక ఆ గాయాన్ని మాన్చుకోవడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది. 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్లలో రాత్రి బసను నిషేధించింది. ఈ ప్రాంతం కేదార్‌నాథ్ వన్యప్రాణి అభయారణ్యం పరిధిలోనిది. పూలు కోయకపోవడం, రాళ్ల మీదే నడవడం, చాక్లెట్ కాగితం దాకా ప్రతిదీ తిరిగి జేబులో వేసుకోవడం పిల్లలు పెద్దలకన్నా త్వరగా నేర్చుకుంటారు.

దిగేటప్పుడు ఊపిరి తేలికవుతుంది కానీ మోకాళ్ల మీద భారం పెరుగుతుంది. ఎక్కువ పడిపోవడాలు అలసట మీద, దిగుడులోనే జరుగుతాయి. చిన్న అడుగులు వేయాలి, పరుగులు ఆపాలి, పెద్దలు చేతికర్ర వాడాలి. పైకి పట్టిన సమయంలో కనీసం సగమైనా కిందికి కేటాయించుకుంటే వెలుతురు ఉండగానే అందరూ చోప్తా చేరతారు. గుడి దాకా వెళ్లారా, అడవి అంచు నుంచే వెనుదిరిగారా అన్న తేడా ఈ బాటకు లేదు. మళ్లీ కొండకు వెళ్దామని అడిగే పిల్లలతో కుటుంబం క్షేమంగా దిగివస్తే, దీన్ని పరిచిన పని నెరవేరినట్టే.