డాక్టర్ గారి ట్రాక్టరు

"సింగిల్ హ్యాండ్. డాక్టర్ సాబ్ బండి. 640 గంటలే నడిచింది. ఇంజన్ ముట్టలే. టైర్లు ఎనభై శాతం. షోరూమ్ కండిషన్. అర్జెంటుగా అమ్మాలె."

ఇంత తక్కువ మాటల్లో ఇంత కల్పన ఇమిడ్చే కథకులు మన పత్రికల్లో లేరు. వాళ్లంతా శంకర్‌పల్లి, షాద్‌నగర్, చౌటుప్పల్ రోడ్ల పక్కన పాత ట్రాక్టర్లు అమ్ముకుంటున్నారు. ముఖ్యంగా ఆ డాక్టరు పాత్ర చూడండి. పొద్దున ఓపీ, మధ్యాహ్నం ఆపరేషన్లు, రాత్రి డ్యూటీ. ఆ మధ్యలో దొరికిన కాస్త తీరికలో దుక్కి దున్ని, బండి కడిగి, నీడలో పెట్టి, ఇంజన్ సీలు కూడా విప్పకుండా అమ్మేసి వెళ్లిపోయిన మహానుభావుడు. ప్రతి యార్డులోనూ ఆయన బండి ఒకటి ఉంటుంది. ఆర్సీలో మాత్రం ఆయన పేరు ఎక్కడా ఉండదు.

నిజంగా సేద్యం చేసే మనిషికి ఈ డాక్టరుతో పని లేదు. అతను బండి దగ్గరికి వచ్చి నేరుగా కింద కూర్చుంటాడు, యాక్సిల్ వైపు చూస్తాడు. డాక్టరు పుట్టింది వేరేవాళ్ల కోసం. ఊరవతల ఇరవై గుంటలు కొని, చుట్టూ ప్రహరీ కట్టి, గేటు మీద తల్లిదండ్రుల పేరు చెక్కించి, శనివారం సాయంత్రానికి రైతుగా మారే మన పట్నం సారు కోసం. జంట జలాశయాల చుట్టూ కట్టడాలను ఆపిన, 1996 నుంచి నలుగుతున్న జీవో 111 తప్ప ఆయనకు వేరే జీవో తెలిసేది కాదు. ఇప్పుడు జీవో 245 గురించి కూడా తెలిసింది. రెండోది ట్రాక్టరు.

ఈ సారు వాదన వినసొంపుగా ఉంటుంది. "కిరాయి వాళ్లకు పోసే డబ్బుతో సొంత బండే వస్తుందండీ. ఒక్కసారి పెడితే ముప్పై ఏళ్లు చూడక్కర్లేదు. మన పొలం, మన బండి, మన ఇష్టం." మొదటి వాక్యం దగ్గరే ఆగి లెక్క కడదాం. ఆయన ఉద్యోగంలో లెక్కలు చూసేవాడే కాబట్టి కోపగించుకోడు.

ఇరవై గుంటలంటే 2,420 గజాలు, అంటే 21,780 చదరపు అడుగులు. ఇల్లు, బోరు, సంపు, కారు షెడ్డు, మెక్సికన్ గడ్డి వేసిన చోటు, పిల్లలు ఊగే ఉయ్యాల, ఇవేవీ తీసేయకుండా మొత్తం దున్నుతున్నాం అనుకుందాం. చిన్న ట్రాక్టరు వెనక మూడడుగుల రోటవేటరు కడితే ఆ చెక్కంతా తిరగడానికి 7,260 అడుగులు నడవాలి. రెండు కిలోమీటర్ల పైచిలుకు. గంటకు రెండున్నర కిలోమీటర్ల చొప్పున పోయినా, మలుపులతో కలిపి గంట, మహా అయితే గంటంబావు పని. ఏడాదికి నాలుగుసార్లు దున్నితే నాలుగైదు గంటలు. మిగతా ఎనిమిది వేల ఏడు వందల చిల్లర గంటలు ఆ యంత్రం షెడ్డులో విశ్రాంతి తీసుకుంటుంది.

ఊళ్లో పెద్ద ట్రాక్టరు ఉన్న కుర్రాడు గంటకు పదిహేను వందలు అడిగాడనుకోండి. అతని రోటవేటరు వెడల్పు మన దానికి రెట్టింపు కాబట్టి అరగంటలో ముగించేస్తాడు. అయినా గంట డబ్బులే ఇద్దాం, మన సారు పెద్ద మనసు గలవాడు. నాలుగు దుక్కులకు ఏడాదికి ఆరు వేలు. పాత చిన్న ట్రాక్టరుకు రెండున్నర లక్షలు పెడితే నలభయ్యొక్క ఏళ్ల కిరాయి ముందే కట్టినట్టు. రోటవేటరు వేరే కొనాలి. డీజిలు, బ్యాటరీ, ఇన్సూరెన్సు, డ్రైవరు బత్తెం ఈ లెక్కలో లేవు. డ్రైవరు ఎందుకంటారా? సారుకు క్లచ్ మీద నుంచి కాలు తీయడం ఇంకా రాలేదు.

ఒక్క న్యాయమైన మాట మాత్రం ఒప్పుకోవాలి. చిన్న చెక్క అంటే కిరాయి బండి తొందరగా రాదు. తొలకరిలో అసలే రాదు. అరగంట పని కోసం మూడు కిలోమీటర్లు వచ్చి, ఆర్చి కట్టిన ఇరుకు గేటులోంచి లోపలికి దూరి, రోజా మొక్కలకు తగలకుండా తిరగడం ఎవరికి ఇష్టం? దానికి మందు పక్క చేను దున్నేరోజు కనుక్కుని, అదే బండిని పిలవడం. పక్క రైతుతో మాట్లాడాలి కాబట్టి ఇది సారుకు కష్టం. ప్రహరీ కట్టిందే ఆ అవసరం లేకుండా ఉండటానికి కదా.

అసలు ఈ మోజు ఎక్కడిది? చాలామందికి డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చింది. అక్కడ బావమరిది రెండెకరాల ఇంట్లో ఆదివారం పూట గార్డెన్ ట్రాక్టర్ ఎక్కి గడ్డి కోస్తాడు. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. అమెరికాలో ఆ బండ్లకు పెద్ద చరిత్రే ఉంది. జాన్ డీర్ కంపెనీ 110 అనే మోడల్‌ను 1963లోనే తెచ్చింది. బండి పొట్ట కింద కోత బ్లేడ్లుంటాయి, పైన మనిషి కూర్చుంటాడు, కింద పచ్చిక తెగుతుంది. అక్కడ కూలీ ఖరీదు. ముందరి గడ్డి పెరిగితే చాలాచోట్ల జరిమానా కూడా వేస్తారు. పాతది కొనేవాడు కూడా తన పచ్చిక ఎంత, బ్లేడు వెడల్పెంత, బెల్టు కొత్తదా అని చూసుకుని కొంటాడు. మన దగ్గర మినీ ట్రాక్టరు అంటే ఆ జాతి కాదు. పదిహేను హార్స్‌పవర్ల యువరాజ్ 215 అయినా, ఇరవై నాలుగు హార్స్‌పవర్ల కుబోటా నియోస్టార్ అయినా పత్తి సాళ్లలో, చెరకు సాళ్లలో, ద్రాక్ష పందిళ్ల కింద, తోటల్లో కష్టపడటానికి పుట్టినవి. వాటి పొట్ట కింద బ్లేడ్లుండవు. వెనక కట్టిన రోటవేటరు గడ్డిని కోయదు, మట్టితో కలిపి తిప్పుతుంది.

ఇక్కడే అసలు వినోదం. సారు చెక్కలో ఉన్నది గరిక, తుంగ. గరిక ప్రతి కణుపు దగ్గరా వేరు పెడుతుంది. తుంగకు భూమిలో గడ్డలుంటాయి. రోటవేటరు గరికను ముక్కలు ముక్కలుగా తరిగి, తుంగ గడ్డల్ని విడగొట్టి, చెక్కంతా సమంగా పరిచి, పైన మెత్తటి మట్టి కప్పుతుంది. ఏ వ్యవసాయ శాఖా ఇంత శ్రద్ధగా విత్తనం వేయదు. తర్వాత రెండు వానలు పడితే చాలు, గడ్డి రెట్టింపు. "గడ్డి బాగా పెరుగుతోంది, మంచిదయింది ట్రాక్టరు కొన్నాం" అని సారు మళ్లీ రోటవేటరు వేస్తాడు. ఏటా అదే లోతులో తిప్పితే కింద మట్టి గట్టిపడి వాన నీరు ఇంకదు. నీరు నిలిస్తే తుంగకు ఇంకా ఇష్టం. బ్రష్ కట్టరు భుజాన వేసుకున్న కూలీ ఒక్క పూటలో చేసే పనికి ఇది రెండున్నర లక్షల ప్రత్యామ్నాయం.

సరే, కొనాలని నిశ్చయమైంది. ఇక పెళ్లిచూపులు. సారు కుటుంబ సమేతంగా యార్డుకు వెళతాడు. ముందే ఫోన్ చేస్తాడు, మర్యాద తెలిసిన మనిషి. ఆయన కారు మలుపు తిరిగేసరికి ఇంజన్ పది నిమిషాలు నడిచి వేడెక్కి, మళ్లీ ఆగి, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉంటుంది. సెల్ఫ్ కొట్టగానే అరక్షణంలో స్టార్టు. "చూసిండ్రా సార్, చిటికెల అందుకుంది." సారు పెయింటు మీద చెయ్యి నిమురుతాడు. బాబు స్టీరింగు పట్టుకుంటాడు, అమ్మాయి ఫొటో తీస్తుంది, మేడం ఎరుపు రంగయితే ఇంటి గేటుకు మ్యాచ్ అవుతుందంటుంది. ఆ పెయింటు వయసు వారం రోజులు. కింద వెల్డింగు అతుకు ఉందా, చాసిస్ నంబరు గీరి ఉందా అన్నది ఎవరూ చూడరు, ఎందుకంటే అది చూడాలంటే వంగాలి.

వంగితే కథలు చాలా తెలుస్తాయి. వెనక ట్రాలీ పిన్ను దూరే రంధ్రం గుండ్రంగా ఉండాల్సింది కోలగా సాగిపోయి ఉంటే, డాక్టరు గారు ఖాళీ వేళల్లో వాగులోంచి ఇసుక తోలారన్నమాట. అలాంటి బండికి క్లచ్, డిఫరెన్షియల్ రెండూ అరిగే ఉంటాయి. వెనక చక్రాల హబ్బుల దగ్గర ఎండిన బురద, సీళ్ల చుట్టూ ఆయిల్ తడి కనిపిస్తే, డాక్టరు గారు కేజ్ వీల్స్ వేసి వరి మళ్లలో దమ్ము కూడా చేశారు. ఆ బురదనీరు లోపలికి దిగి ఉంటే గేర్ ఆయిలు తెల్లగా పాలిపోతుంది. ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పితే గుప్పుగుప్పున పొగ వస్తే, మెకానిక్కులు దాన్ని బ్యాక్ కంప్రెషన్ అంటారు. పిస్టన్ రింగులు, బోరు అయిపోయాయని అర్థం. పొగ గొట్టంలోంచి నీలిపొగ వస్తే ఇంజన్ ఆయిల్ తాగుతోంది. అది తెలియకుండా అమ్మే ముందు చిక్కటి ఆయిల్ పోసే కళాకారులున్నారు. రోటవేటరు పైకెత్తించి ఇంజన్ ఆపి, టీ తాగి రండి. వచ్చేసరికి అది నేల మీద కూర్చుని ఉంటే హైడ్రాలిక్ లిఫ్టు పని అయిపోయింది. యార్డువాడు టీ తప్పకుండా ఇస్తాడు, కానీ రోటవేటరు ఎత్తి పెట్టి ఇవ్వడు.

మీటరు సంగతి చెప్పకుండా వదిలితే పాపం. పదేళ్ల బండి, 640 గంటలు. అంటే ఏడాదికి 64, వారానికి గంటంబావు. అప్పుచేసి ట్రాక్టరు కొన్న ఏ రైతు అయినా దాన్ని వారానికి గంటంబావు నడిపాడంటే, కొన్నది ట్రాక్టరు కాదు, దేవుడి రథం. పాత బండ్లలో ఆ మీటరు గడియారం లాంటిది కూడా కాదు. ఇంజన్ వేగాన్ని బట్టి తిరుగుతుంది, నెమ్మదిగా నడిపితే గంటను గంటగా లెక్కపెట్టదు. దాని కేబులు తీసేస్తే అసలే లెక్కపెట్టదు. క్లచ్ పెడల్ ఇనుము అరిగి నున్నబడి, దాని మీద కొత్త రబ్బరు తొడిగి ఉంటే, నమ్మాల్సింది మీటరునా, పెడల్‌నా? సారు మీటరునే నమ్ముతాడు, అందులో అంకెలున్నాయి కాబట్టి.

మోడల్ మీద కూడా మంచి హాస్యం నడుస్తుంది. "2017 మోడల్ సార్" అంటాడు. నంబరు ప్లేటు మీద ఏపీ 22. మహబూబ్‌నగర్ కోడు. 2014 జూన్‌లో రాష్ట్రం విడిపోయాక అక్కడ ఏపీ పోయి టీఎస్ వచ్చింది, 2024 మార్చి నుంచి టీజీ వచ్చింది. అంటే ఈ బండి పుట్టక ముందే రిజిస్టరయింది. ఇంత పెద్ద ఉద్యమం జరిగింది, కనీసం పాత ట్రాక్టరు వయసు పట్టుకోవడానికైనా మనకది ఉపయోగపడాలి.

కాగితాల దగ్గర యార్డువాడి గొంతు ఇంకా తియ్యగా అవుతుంది. "పేపర్లు క్లియర్ అన్నా, ట్రాన్స్‌ఫర్ నిదానంగ చేసుకుందాం." అప్పటిదాకా సార్ అన్నవాడు అన్నా అన్నాడంటే ఫైనాన్స్ బాకీ ఉందని గ్రహించాలి. ఆర్సీలో హైపోథికేషన్ ఉంటే ఫైనాన్స్ కంపెనీ సంతకంతో ఫారం 35, పేరు మారడానికి ఫారం 29, ఫారం 30. ఇవి చేతికి రాకుండా డబ్బు ఇస్తే, కొన్నది బండి కాదు, ఇంకొకరి వాయిదాలు. తమాషా ఏమిటంటే అమ్మినవాడు కూడా క్షేమంగా ఉండడు. ఆర్సీలో పేరు మారనంత వరకు ప్రమాదం జరిగితే పరిహారానికి బాధ్యుడు ఆ పేరున్నవాడే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. కనుక ఎక్కడో ఒక డాక్టరు, ఉంటే గింటే, ఈ పాటికి కంగారు పడుతూ ఉండాలి.

కొన్నాక ఏమవుతుందో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పూజ, నిమ్మకాయలు, ఫొటోలు. మూడు వారాలకు బ్యాటరీ దిగిపోతుంది. వానాకాలంలో ఎలుకలు వైరింగు కొరుకుతాయి. ఆర్నెల్లు కదలకపోతే టైర్ల పక్కలు పగుళ్లిస్తాయి. మెకానిక్కు సీజన్‌లో రాడు, సీజన్ దాటితే ఫోనెత్తడు. ఎవరైనా ఊరి రైతు "ఒక్క పూట ఇస్తారా సార్" అని అడిగిననాడే ఆ బండి నిజంగా పని చేస్తుంది, తిరిగొచ్చేటప్పుడు లిఫ్టు పోతుంది. రెండేళ్లకు సారు అమ్మకానికి పెడతాడు. ప్రకటన ఆయనకు రాయడం రాదు కాబట్టి యార్డువాడే రాసిపెడతాడు. సాఫ్ట్‌వేర్ సార్ బండి, సింగిల్ హ్యాండ్, 660 గంటలు.

చిన్న పాత ట్రాక్టరు దండగ అని నేననను. మూడెకరాల జామతోటో, పందిరి కూరగాయలో ఉండి, సాళ్ల మధ్య పదిహేను రోజులకోసారి అంతరకృషి చేసేవాడికి అది అన్నం పెడుతుంది. అతను బండి కొనేటప్పుడు మెకానిక్కును వెంట తీసుకెళతాడు, కుటుంబాన్ని కాదు. ఇరవై గుంటలకు బ్రష్ కట్టరు, ఓ పార, పక్క రైతు ఫోన్ నంబరు చాలు.

ఇంత చెప్పినా కొనేవాళ్లు కొంటారని తెలుసు. కొనండి. అయితే ఫోన్ చేయకుండా పొద్దున్నే ఆరింటికి వెళ్లండి. ముందు ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా తగిలితే బేరమాడకుండా ఇంటికొచ్చేయండి.