ఎగ్జిబిషన్ బాబాయి

హైదరాబాదులో ప్రతి తెలుగు కుటుంబానికీ ఒక ఎగ్జిబిషన్ బాబాయి ఉంటాడు. వరసకి బాబాయే కానక్కర్లేదు. మేనమామ కావచ్చు, పక్కవాటా అంకుల్ కావచ్చు. డిసెంబరు ఆఖర్లో ఆయనకి ఎక్కడలేని హుషారొస్తుంది. జనవరి 1న నాంపల్లిలో మొదలై ఫిబ్రవరి 15 దాకా సాగే ఎగ్జిబిషన్‌కి, అదే నుమాయిష్‌కి, ఎవరు, ఎప్పుడు, ఏ గేటులోంచి వెళ్లాలన్నది ఆయన తేల్చాలి.

"సంక్రాంతి ముందు వెళ్తే సగం స్టాళ్లు ఖాళీ. తర్వాతైతే కాలు పెట్టే చోటుండదు. ఆఖర్న రేట్లు తగ్గుతాయి గానీ మంచి సరుకు మిగలదు." ఈ లెక్కన వెళ్లదగ్గ రోజంటూ ఒక్కటీ లేదు. అందుకే ఏ ఆదివారమో, ఊరంతా వచ్చే రోజునే బయల్దేరదీస్తాడు.

గాంధీభవన్ మెట్రో స్టేషన్‌లో దిగితే గ్రౌండ్స్ పక్కనే. కానీ బాబాయి స్కూటరు మనిషి. పార్కింగ్‌కి డబ్బులివ్వడం ఆయన వంశంలో లేదు. అబిడ్స్‌లో ఎరిగున్నవాళ్ల కొట్టు వెనక సందులో బండి పెట్టి, జీపీవో, మొజంజాహీ మార్కెట్ మీదుగా అందర్నీ నడిపిస్తాడు. మార్కెట్ దగ్గర పిల్లలు ఐస్‌క్రీమ్ అంటే "వచ్చేటప్పుడు" అంటాడు. వచ్చేటప్పుడు కాళ్లు లాగుతున్నాయని అందరూ ఆటో ఎక్కేస్తారు. ఆదా చేసిన పార్కింగ్ డబ్బులకి పైన ఇంకొంత కలిపి ఆటోవాడికి ఇచ్చేది పిన్నే.

దారి పొడుగునా చరిత్ర పాఠం. 1938లో ఉస్మానియా పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో ఓ వంద స్టాళ్లతో మొదలెట్టారనీ, అప్పటి పెట్టుబడి రెండున్నర రూపాయలనీ, 1946లో ఇక్కడికి మారిందనీ. అన్నీ నిజాలే. కాకపోతే ఆ రెండున్నరా తన జేబులోంచే తీసిచ్చినట్టు చెబుతాడు. ఆయన పుట్టిందేమో ఇందిరాగాంధీ ప్రధాని అయ్యాక. 2025లో టికెట్ 50 రూపాయలు చేసినప్పుడు మాత్రం గేటు దగ్గర కాసేపు చరిత్ర ఆగింది. ఆ డబ్బుతో ఎగ్జిబిషన్ సొసైటీ కాలేజీలు నడుపుతుందని పిన్ని గుర్తుచేస్తే, "మరి నాకు ఆ చదువు అబ్బలేదే!" అన్నాడు.

బాబాయిని అసలు చూడాల్సింది కశ్మీరీ శాలువాల దగ్గర. కొట్టతను రెండువేల అయిదొందలు అంటాడు. బాబాయి నాలుగొందలు అంటాడు. అతను నవ్వుతాడు. బాబాయి నవ్వడు, వెనుదిరిగి నాలుగడుగులు వేస్తాడు. ఆ నాలుగడుగులూ చూసి తీరాలి, చెవులు మాత్రం వెనక్కే ఉంటాయి. "ఆయియే చాచా, లే జాయియే" అని పిలుపొస్తుంది. మరొకరైతే గెలిచామనుకుంటారు. బాబాయి మొహంలో నెత్తురు చుక్క ఉండదు, ఎందుకంటే ఇప్పుడు కొనాలి! వెంటనే పిన్ని వేలి ఉంగరం అడిగి తీసుకుని, అసలు పష్మీనా అయితే ఉంగరంలోంచి దూరాలంటూ శాలువా కొస దూరుస్తాడు. సగంలో ఇరుక్కుంటుంది. శాలువా, ఉంగరం, బాబాయి, కొట్టతను ఒకటే పెనుగులాట. చివరికి ఉంగరం బయటపడుతుంది, శాలువా కొట్లోనే ఉండిపోతుంది.

అలాగని ఏమీ కొనడనుకునేరు. ఏటా ఒక కూరగాయలు తరిగే పనిముట్టు కొంటాడు. అమ్మేవాడి చేతిలో అది క్యారెట్‌ని పువ్వులా విప్పుతుంది, పిన్ని చేతిలో వేలు తెగుతుంది. వాళ్ల అటక మీద నుమాయిష్ పూర్తి చరిత్ర ఉంది.

మొన్నామధ్య టోక్యోలో ఉద్యోగం చేసే అన్నకొడుకు వచ్చాడు. మృత్యుబావిలో మోటారుసైకిళ్లు గోడెక్కి తిరుగుతుంటే చూస్తూ, సుమిదా నది ఒడ్డున జూలై ఆఖరి శనివారం జరిగే బాణసంచా పండుగ గురించి చెప్పాడు. "ఇరవై వేల దాకా కాలుస్తారు బాబాయ్. మూలం 1733 నాటిదంటారు. ఆడా మగా యుకతా అనే కిమోనోలు కట్టుకుని వస్తారు, చాపలు పరుచుకుని కూచుంటారు. అయిపోయాక ఎవరి చెత్త వాళ్లే తీసుకెళ్తారు."

బాబాయి మిర్చిబజ్జీ కాగితం ఎక్కడ పారేయాలో వెతుకుతూ ఆగాడు. "టికెట్టెంత?"

"ఒడ్డున నిలబడి చూస్తే ఊరికే."

"బేరానికి ఏముంటుంది?"

"ఏమీ ఉండదు, ఆకాశంలోకి చూడ్డమే."

బాబాయి జాలిగా చూశాడు. "పాపం, మరి అంతమంది ఎందుకొస్తార్రా?"

అంతలో మైకులో తప్పిపోయినవాళ్ల పేర్లు మొదలయ్యాయి. తప్పిపోయింది పిల్లాడు కాదు; పిన్ని. ఆఫీసు దగ్గరికెళ్తే ఆవిడ కుర్చీలో కూచుని ఉంది. తప్పిపోలేదట. ఆయన వెంట తిరగలేక తనే వచ్చి పేరు రాయించిందట. ఒళ్లో కవరు, అందులో అదే శాలువా. వెయ్యికి కొంది.

మీ ఇంట్లో బాబాయి ఉంటే ఓ మాట. ఆయన్ని తప్పకుండా వెంట తీసుకెళ్లండి, బేరం ఆడనివ్వండి. కొనేది మాత్రం ఆయన నాలుగు కొట్ల అవతలికి వెళ్లాక కొనండి. ఉంగరం ఇంట్లో పెట్టి వెళ్లండి.