ఆఱు విఘడియల ఆలస్యము

నంగలి యను నూరు బెంగుళూరునుండి మదరాసునకు పోవు రాజమార్గమున, ముళబాగిలునకును పలమనేరునకును నడుమ, కర్ణాటక రాష్ట్రము ముగియుచోట నున్నది. పండ్రెండవ శతాబ్దమున హొయసల విష్ణువర్ధనుడు తాను గెలిచిన తలకాడు, గంగవాడి, నొళంబవాడి మున్నగు సీమల పేళ్లను బిరుదములుగా ధరించినపుడు వానితోబాటు నంగలిని గూడ చేర్చుకొనెననియు, ఆతని రాజ్యమునకు తూర్పు పొలిమేర యిదియే యనియు శాసనములు పలుకుచున్నవి గనుక, పొలిమేరగా నుండుట ఈ యూరికి తొమ్మిదివందల యేండ్ల కులవృత్తి యనవచ్చును. ఇచ్చటివారు వాక్యమును తెలుగున నారంభించి, కన్నడమున నడిపించి, తమిళపు ఊతపదముతో ముగింపగలరు. అతుకు ఎచ్చట పడినదో వినువానికి తెలియదు. మాటలలో ఇంత నేర్పు గల యూర, ఒక పెండ్లి వీడియోలో పడిన అతుకు మాత్రము మా బంధువర్గమంతయు నేటికిని చెప్పుకొని నవ్వునంత స్పష్టముగా కనబడినది.

వధువు నంగలిపిల్ల, వరుడు పలమనేరువాడు. కావున కెమెరాలును రెండు, కెమెరావారును ఇరుపక్షములవారు. దైవవశమున రెండును సెకనునకు 25 చిత్రములచొప్పుననే తీసినవి. అంతవరకు వియ్యము చక్కగా కుదిరినది. అటుపిమ్మట వధువు తండ్రికి, అనగా మా మామకు, పెండ్లిపందిటిలో ఆకాశమునుండి పూలరేకులు రాలవలెనను కోరిక పుట్టెను. మిక్సింగు చేయు అబ్బాయి, "తాళి కట్టే పది సెకన్లకు చాలు మామా" అని సవినయముగా విన్నవించుకొనగా, "కన్యాదానం కాడినుంచి మూడుముళ్ల దాకా, ఆ గంటా రాలల్ల. పూలకేమన్నా కరువా?" అని మామ శాసించెను. ఆ గంట నిడివి గల తునకను ఎక్స్‌పోర్ట్ చేసి బెంగుళూరిలోని గ్రాఫిక్సు పనివానికి పంపిరి. ఆతడు రేకులు రాల్చి తిరిగి పంపెను. దానిని ఇంపోర్ట్ చేసి టైమ్‌లైనున నిలిపి, పాత శబ్దమును దానిక్రింద పఱచి, బంధువుల నందఱను పిలిచి చూపిరి.

పళ్లెములోని మంగళసూత్రము ఇంకను పెద్దల చేతులు తాకుచు తిరుగుచుండగనే గట్టిమేళము మ్రోగి ముగిసినది. పిమ్మట రెండున్నర నిమిషములకు, వరుడు వంగి మూడుముళ్లు వేయు పరమపవిత్రక్షణమున, మేళము లేదు, మంత్రము లేదు, "ఆకులేసినారా లేదా? జనం లేచిపోతా ఉండారు!" అను వంటశాల కేక పూలరేకుల నడుమ ఖణీమని వినబడినది. పురోహితుడు వ్రేళ్లు మడిచి, "ఘడియకు 24 నిమిషాలు, విఘడియకు 24 సెకన్లు. ఆరు విఘడియల పైచిల్లర దాటిపోయిండాది సామీ. ఈ వీడియో ప్రకారం పెండ్లి లగ్నంలో జరగలే" అని తేల్చెను. వరుని తల్లి కొంగు కన్నుల కద్దుకొనెను.

దోషము గ్రహములది కాదు, భాగహారమునది. సెకనునకు 25 చొప్పున గంటకు 90,000 చిత్రములు. గ్రాఫిక్సు పనివాడు సినిమాలకు పనిచేసి అలవాటుపడినవాడు. ఆతని సాఫ్ట్‌వేరు 24 మీద నిలిచియున్నది. ఒక్క చిత్రమును పోలేదు. కాని 90,000 చిత్రములను 24 చొప్పున నడిపింపవలెనన్న 62 నిమిషముల 30 సెకన్లు పట్టును. శబ్దము మాత్రము గడియారమును నమ్ముకొని 60 నిమిషములకే ఇల్లు చేరినది.

ఈ అంకెల పుట్టుక విచిత్రమైనది. మూగచిత్రముల కాలమున కెమెరాను చేతితో త్రిప్పువాడొక వేగమును, దానిని ఆడించువాడు తన భోజనవేళనుబట్టి మఱియొక వేగమును పాటించుచుండిరి. చిత్రమునకు మాట వచ్చినపిమ్మట ఈ స్వేచ్ఛ చెల్లదయ్యెను. గాయకుని గొంతు సాగినను ముడుచుకొనినను చెవి క్షమింపదు గనుక సెకనునకు 24 అని కట్టుబాటు చేసిరి. 1932లో మన 'భక్త ప్రహ్లాద' తెలుగు పలుకునప్పటికే ఆ కట్టుబాటు స్థిరపడినది. టెలివిజను తన నాడిని ఇంటి విద్యుత్తునుండి తీసికొనెను: ఐరోపాయందును మనయందును 50 ఆవృత్తులు గనుక అందులో సగము 25, అమెరికాలో 60 గనుక 30. అమెరికావారు 1953లో రంగులు చేర్చునపుడు రంగుల సంకేతమునకును ధ్వనికిని కలహము పుట్టకుండ వేగమును వేయింట ఒక పాలు తగ్గింపగా 29.97 అయినది, గంటకు 108 చిత్రముల వెలితి. మూడు వందవంతులు తక్కువైన చిత్రమును కన్నులార చూచినవాడు లేడుగాని, లెక్కలో మాత్రము అది నిత్యము మిక్సింగువాని ప్రాణము తీయుచున్నది. మా జిల్లాకు ఇందొక గర్వకారణమున్నది: 1902లో శివసముద్రమునుండి కోలారు బంగారుగనులకు తెచ్చిన విద్యుత్తు సెకనునకు సరిగా 25 ఆవృత్తులది. ఏమి లాభము! అది త్రిప్పినది గని యంత్రములను. 2001లో గనులు మూతపడి సైనైడు దిబ్బలు మిగిలినపిమ్మట సినిమావారును మా వైపునకు వచ్చిరి. వచ్చినవారు 24 తెచ్చుకొనిరి.

రేటు కుదిరినంతమాత్రమున సంబంధము కుదిరినట్లు కాదు. చిత్రములను మూటగట్టు పద్ధతియగు కోడెక్ సంగతి వేఱుగా చూడవలెను. 2003లో వెలువడి నేడు ప్రతి సెల్‌ఫోనునందును కాపురముండు హెచ్.264 అనునది ఎంతటి పొదుపరియో చెప్ప నలవికాదు. ఒక చిత్రమున మండపమును, అరటిబోదెలను, మా మామను పూర్తిగా వ్రాసికొనును. తరువాతి చిత్రములలో మామ కనురెప్ప కదలినంత మేరకే వ్రాసికొని, మిగిలినది ఊహించుకొనును. భోజనానంతరము మామ కదలకున్నచో ఆయన నిమిత్తమై దమ్మిడీ వెచ్చింపదు. చూచుటకు ఇది చాలును. దీనిని విప్పి, పూలు చల్లి, మరల అదే పొదుపుతో మూటగట్టినచో ఊహపై ఊహ పేరుకొనును. మూడవ మూటకు వధువు పట్టుచీర జరీ గళ్ల లుంగీవలె కనబడసాగును. పట్టుపురుగులను పెంచి బ్రతుకు కోలారు జిల్లాలో దీనికంటె ఘోరమైన అవమానము లేదు. కావున తెలిసినవారు నడుమ ప్రయాణమునకు ప్రతి చిత్రమును పూర్తిగా వ్రాయు కోడెక్‌ను వాడుదురు: 2007లో వచ్చిన ప్రోరెస్ ఒకటి, ఎడియస్ అను ఎడిటింగు సాఫ్ట్‌వేరును వాడు పెండ్లి మిక్సింగువారికి పరిచితమైన హెచ్.క్యూ.ఎక్స్ ఒకటి. ప్రోరెస్ 422లో సెకనునకు 25 చిత్రముల హెచ్.డి. తునక గంటకు దాదాపు 55 జీబీ పట్టును. ఈ లెక్క వినినంతనే మామ, "డిస్కు ఎవరు కొనల్ల?" అని యడిగి, జవాబునకు ఆగక కాఫీకై లోపలికి పోయెను.

ఒకప్పుడు నంగలి చెక్‌పోస్టున లారీ నిలిచినపుడు కాగితములోని సరకునకును బండిలోని సరకునకును పొత్తు కుదరకున్న బండి కదలెడిది కాదు. డ్రైవరు బ్రతిమాలవలసివచ్చెడిది, అరవవలసివచ్చెడిది. ఎడిటింగు సాఫ్ట్‌వేరునకు ఆ కాఠిన్యము లేదు. ఒక హెచ్చరిక చూపినను చూపును, లేకున్న లేదు. ఏది తెచ్చినను లోనికి రమ్మనును. బెంగుళూరు బస్సులో మూడవవాడు కూర్చుండుచు "స్వల్ప అడ్జస్ట్ మాడి" అనునట్టి సౌజన్యము దానిది. మనుష్యులయం దది సద్గుణమే. ఈ పొలిమేర యూళ్లు దానివలననే బ్రతుకుచున్నవి. యంత్రము సర్దుకొనునపుడు మాత్రము ఎవరిని త్రోసివేసినదో చెప్పదు. న్యూజెర్సీనుండి వచ్చిన మేనబావ తన ఫోనుతో తీసిన 30 చిత్రముల తునకను 25 టైమ్‌లైనున పెట్టగా, అది ప్రతి ఆఱవ చిత్రమును నిశ్శబ్దముగా పాఱవైచెను. దానితో హోమగుండము చుట్టు తిరుగు దంపతులు నడచినట్లు గాక, అడుగడుగున ఏదో మఱచి తటాలున జ్ఞప్తికి తెచ్చుకొనినట్లు కనబడిరి. పైగా వెలుతురు తగ్గినపుడు ఫోను తనంత తానే వేగము తగ్గించుకొనును గనుక, ఆ 30 కూడ నిలుకడగల 30 కాదు.

ఇప్పుడా అబ్బాయి గది తలుపుమీద ఒక కాగితము అంటించినాడు: ఫ్రేమ్ రేట్ 25, కొలత 1920కి 1080, శబ్దము 48,000 హెర్ట్జ్, వెళ్లిన కోడెక్‌లోనే తిరిగి రావలెను, రెండు కొసలకు కొన్ని చిత్రములు అదనముగా ఉంచవలెను, ఫైలు పేరు మార్చరాదు. పూలరేకుల తునకను 25గా చదువుమని సాఫ్ట్‌వేరునకు చెప్పి, మేళమును తాళిని ఒకచోటికి చేర్చి, వరుని తల్లికి మరల చూపినాడు, ఆమె తృప్తిపడినది. పురోహితునికి మాత్రము ఈ శాస్త్రముమీద విశ్వాసము కుదరలేదు. మొన్న మఱియొక పెండ్లికి లగ్నపత్రిక వ్రాయుచు, కలము పైకెత్తి పట్టుకొని, ఆ అబ్బాయిని పిలిపించి, "ఈసారి ఎన్ని విఘడియలు తేడా వస్తుందో ఇప్పుడే చెప్పేయప్పా. అంత ముందుకు జరిపి ముహూర్తం పెట్టేస్తా" అనెను.